ఫుట్‌బాల్ డిఫెండర్ కెరీర్, ఇక్కడా విదేశాల్లోనూ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎక్కువ టాకిళ్లు (ఎదుటివాడి దగ్గరున్న బంతిని కాలితో లాక్కోవడం) చేసేవాడే మంచి డిఫెండర్.

వాస్తవం: జారి చేసే టాకిల్ ఆఖరి దారి. గురి తప్పితే మనం లేచేలోపు ఫార్వర్డ్ దాటిపోతాడు. వింగర్ (మైదానం అంచు వెంట ఆడే ఫార్వర్డ్) బంతితో మీదికొస్తుంటే వేగం తగ్గించి, చిన్న అడుగులతో, చేయి చాచితే అందేంత దూరంలో ఆగాలి. పాదాలు రెండూ ఒకే వరసలో పెట్టి ఎదురుగా నిలబడితే కాళ్ల మధ్య నుంచే బంతి పోతుంది. ఒక కాలు ముందుకేసి, ఒంటిని కాస్త పక్కకు తిప్పి, లోపలి దారి మూసేసి అతన్ని టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు మళ్లించాలి. భుజాలు ఊపి మోసం చేస్తాడు, అందుకే చూపు బంతి మీదే ఉండాలి. బంతి అతని పాదానికి కాస్త దూరమైన క్షణంలోనే కాలు పెట్టాలి.

అపోహ: ముందు బంతికి తగిలితే ఫౌల్ కాదు.

వాస్తవం: నియమావళిలో అలాంటి మాటే లేదు. బంతికి తగిలాక బూటు ఎదుటివాడి చీలమండ మీద పడినా ఫౌలే, ప్రమాదకరమైతే రెడ్ కార్డే. పెనాల్టీ ఏరియాలో ఖాయమైన గోల్ అవకాశాన్ని ఆపినప్పుడు, బంతి కోసం ప్రయత్నిస్తూ చేసిన ఫౌల్‌కు పెనాల్టీతో పాటు ఎల్లో కార్డు. చొక్కా పట్టి లాగితే పెనాల్టీ, రెడ్ కార్డు. కుర్రాళ్లకు కాళ్ల కన్నా ముందు చేతుల్ని అదుపులో పెట్టుకోవడం నేర్పాలి.

అపోహ: ఆరడుగులు లేకపోతే సెంటర్‌బ్యాక్ (వెనక మధ్యలో ఆడే డిఫెండర్) కాలేరు.

వాస్తవం: 2006లో ఇటలీకి ప్రపంచకప్ అందించిన కెప్టెన్ ఫాబియో కన్నవారో ఆరడుగులకు బాగా తక్కువే. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ అవార్డు కూడా అతనిదే.

అపోహ: తెలుగు నేల నుంచి పెద్ద డిఫెండర్లు రాలేదు.

వాస్తవం: హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కలకత్తా పెద్ద క్లబ్బులకు ఆడాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ కూడా ఆయనే.

అపోహ: విదేశీ క్లబ్బులో సంతకం పెడితే స్థిరపడ్డట్టే.

వాస్తవం: భారత డిఫెండర్ సందేశ్ జింగాన్ 2021 ఆగస్టులో క్రొయేషియా క్లబ్బు షిబెనిక్‌లో చేరాడు. గాయం వల్ల ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే 2022 జనవరిలో తిరిగొచ్చాడు. అంత గట్టి డిఫెండర్‌కు అలా జరగడం నిజంగా బాధాకరం. గాయం ఎవరి చేతిలోనూ ఉండదు, కాగితాలు మాత్రం మన చేతిలోనే ఉంటాయి.

ఫిఫా నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండకముందు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, దేశం దాటి బదిలీ కుదరదు. పాత దేశపు ఫెడరేషన్ నుంచి అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం రాకుండా సాధారణంగా మైదానంలో దిగలేరు. 'మెడికల్ పాసైతేనే, వర్క్ పర్మిట్ వస్తేనే కాంట్రాక్టు చెల్లుతుంది' అనే షరతు పెట్టకూడదు. ఆ పరీక్షలు సంతకానికి ముందే పూర్తి కావాలి. కాబట్టి ఏజెంటు ఎంత తొందరపెట్టినా ఆ వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. రెండు నెలల జీతం ఆగితే, రాతపూర్వకంగా కనీసం 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ రాకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా అది నోటీసు కాదు. మొదటి నెల నుంచే బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి.