బండలు పోయి స్తంభాలు మిగిలిన వంతెన

హంపీ వెళ్లివచ్చిన హనుమకొండ పాఠకురాలొకరు, విఠలాలయానికి దగ్గరలో తుంగభద్ర నడుమ వరుసలుగా నిలిచిన రాతి స్తంభాలను చూసి, స్తంభాలు ఉండగా పైబండలు ఎటు పోయాయని అడిగారు. విజయనగర కాలపు ఆ వంతెన శిథిలాల్లో ముందుగా గమనించవలసినది స్తంభాల మధ్యనున్న ఇరుకు.

రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది గాని సాగదీతను ఓర్వలేదు. గ్రానైటు తన్యతా బలం, అంటే సాగదీతను ఓర్చే శక్తి, దాని సంపీడన బలంలో, అంటే నొక్కుడును ఓర్చే శక్తిలో, సుమారు పదో వంతు. రెండు ఆనికల మీద పరచిన బండ తన బరువుకే కొద్దిగా వంగినప్పుడు దాని అడుగు భాగం సాగుతుంది, అక్కడి ప్రతిబలం, అంటే ఒక్కో చదరపు యూనిట్ వైశాల్యం మోసే లోపలి బలం, ఆనికల మధ్య దూరపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. అంటే మందం మార్చకుండా దూరాన్ని రెట్టింపు చేస్తే ప్రతిబలం నాలుగు రెట్లవుతుంది. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడిలో స్తంభాలు అంత దగ్గరగా ఉండడానికి శిల్పుల అభిరుచి ఒక్కటే కారణం కాదు.

గుడిలో ఆ ఇరుకు అందమే, ఏటిలో మాత్రం అది చేటు. స్తంభాలు దారిని మూసేకొద్దీ ఎగువన నీటిమట్టం, సందుల్లో వేగం పెరుగుతాయి. వేగం రెట్టింపైతే నీటి తోపుడు నాలుగింతలవుతుంది. వరద బండల మీదికెక్కితే, ఘనమీటరుకు సుమారు 2,700 కిలోలు తూగే గ్రానైటు 1,700 కిలోలే ఉన్నట్లవుతుంది, ఆ మేరకు బండను స్తంభం తలపై పట్టి ఉంచే ఘర్షణ కూడా తగ్గుతుంది. కొట్టుకొచ్చిన చెట్టు మాను ఒకటి తగిలినా బండ జారిపోవచ్చు. అక్కడి ఏటి అడుగు బండరాయి కనుక స్తంభాలకు కింద నేల కోసుకుపోయే ముప్పు తక్కువ.

అదే వంతెనను మన గోదావరి ఇసుకలో నిలబెడితే ముందు స్తంభాలే పోయేవి. మేడారం జాతరలో జంపన్న వాగులో స్నానం చేసినవారికి మడమల కింది ఇసుక జారడం తెలిసే ఉంటుంది. స్తంభం దగ్గర జరిగేదీ అదే. ప్రవాహ వేగం పైన ఎక్కువగా, అడుగున తక్కువగా ఉండడం వల్ల ఏర్పడిన పీడన భేదంతో నీరు స్తంభం ముఖం వెంట కిందికి దూకి, ఇసుకను తవ్వి, గుర్రపు నాడా ఆకారంలో సుడి తిరుగుతూ రెండు పక్కలా సాగిపోతుంది. ఆ గుంత లోతు స్తంభం వెడల్పుకు రెండింతల దాకా చేరగలదు. వంతెన కడుతుంటే నరబలికి పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న పుకారు పల్లెల్లో పుడుతూనే ఉంటుంది గాని, పునాది కోరేది ఇంకాస్త లోతును మాత్రమే. పాఠాల్లో వంతెన బొమ్మను నీటి గీత దగ్గరే ఆపేయడం కూడా ఇటువంటి నమ్మకాలకు ఊతమిస్తుందని నా అభిప్రాయం.

వరద తీస్తున్నప్పుడు ఎగువ నుంచి వచ్చిన ఇసుక ఆ గుంతను మళ్లీ పూడ్చేస్తుంది. ఎండాకాలంలో చూసే ఇంజినీరుకు చదునైన ఇసుకే కనిపిస్తుంది గాని, వదులుగా చేరిన ఆ ఇసుకకు పాత నేల బిగువు ఉండదు. అందుకే వరద సాగుతుండగానే నీటిలోకి ధ్వని తరంగాలను పంపి, అవి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి గుంత లోతు కొలుస్తారు.