కాండం–ఆకు పటం: మా క్లాసులో ఏటా వినిపించే అపోహలు

వనపర్తి వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. యాసంగి పల్లి పీకే రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్లలను తలా ఒక చెట్టు తెమ్మన్నాను. పదిహేను చెట్లు వచ్చాయి. ఏ చెట్టుకు ఎన్ని కాయలున్నాయో లెక్కబెట్టి బోర్డు మీద ఇలా వేశాం:

0 | 8
1 | 2 4 5 5 7 9
2 | 1 2 2 6
3 | 0 3 4
4 |
5 | 2

గీతకు ఎడమవైపున్నది కాండం, కుడివైపువి ఆకులు. 2 | 6 అంటే 26 కాయలు.

అపోహ: ఆకులు లేని కాండం రాయక్కర్లేదు.

వాస్తవం: మొదట్లో రెండేళ్లు నేనూ ఇలాగే చెప్పాను, తప్పు నాదే. నలభైలలో ఒక్క చెట్టూ లేదన్నది కూడా సమాచారమే. 4 తీసేస్తే 52 కాయల చెట్టు ముప్పైల కిందే మామూలుగా సర్దుకుపోతుంది. ఖాళీ కనిపించింది కాబట్టే ఒకడు "సార్, ఇదెవరిది?" అన్నాడు. తెచ్చిన అమ్మాయి లేచి, "కాలువ ఒడ్డు మీదిది సార్, దానికి నీళ్లు మంచిగ అందుతయ్" అంది. ఆ రోజు పాఠంలో నాకు బాగా నచ్చిన మాట అదే.

అపోహ: ఒకే సంఖ్య రెండుసార్లు వస్తే ఒకసారి రాస్తే చాలు.

వాస్తవం: రెండు 15లు అంటే రెండు చెట్లు. ఒకటి వదిలేస్తే పద్నాలుగే మిగులుతాయి, మధ్యగతం, అంటే చిన్న నుంచి పెద్దకు పేర్చితే వచ్చే నడిమి విలువ, 21 కాస్తా 21.5 అవుతుంది. 22లలో కూడా ఒకటి కొట్టేసినవాడికి మళ్లీ 21 వచ్చింది! తప్పు దారిలో సరైన జవాబు వస్తే టీచర్‌కు అంతకు మించిన తలనొప్పి లేదు. అందుకే మధ్యగతం కంటే ముందు ఆకులు లెక్కబెట్టిస్తాను.

అపోహ: ఎక్కువసార్లు కనిపించే ఆకే బాహుళకం.

వాస్తవం: బాహుళకం అంటే ఎక్కువసార్లు వచ్చిన సంఖ్య, ఆకు కాదు. ఆకుల్లో 2 నాలుగుసార్లు ఉందని సగం క్లాసు "బాహుళకం 2" అంది. రెండు కాయల చెట్టు ఎవరు తెచ్చారని అడిగితే అందరూ నవ్వారు. ఆకును దాని కాండంతో కలిపే చదవాలి. ఇక్కడ బాహుళకాలు రెండు: 15, 22.

అపోహ: కాండం అంటే పదుల అంకే.

వాస్తవం: బోర్ల లోతు అడిగితే ఊళ్లో 180, 240, 320 అడుగులని గుండు లెక్కే చెబుతారు. కాండంలో వందలు, ఆకులో పదులు పెడితే 2 | 4 అంటే 240 అడుగులు. మరో చోట అదే 2.4 కిలోలు కావచ్చు. ఏది ఎంతో చెప్పే సూచిక పటం కింద రాయకపోతే నేను మార్కు కోస్తాను, ఇందులో మొహమాటం లేదు.

అపోహ: ఆకుల మధ్య సమాన దూరం అందం కోసమే.

వాస్తవం: ఆ దూరం వల్లే వరుస పొడవుకు అర్థం వస్తుంది. నోటుబుక్కు అడ్డంగా తిప్పితే, పక్కపక్కనే దిమ్మెలు గీసే సోపాన చిత్రం (హిస్టోగ్రాం) లాగే కనిపిస్తుంది. కాకపోతే సోపాన చిత్రంలో అసలు సంఖ్యలు మాయమవుతాయి, ఇందులో ఉంటాయి. ఇది చిన్నపిల్లల ఆటేమీ కాదు, 1970లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ.

అలాగని ఊరి చెలకలన్నీ దీనితో లెక్కవేయలేం. వందల చెట్లయితే వరుసలు బోర్డు దాటిపోతాయి, అప్పుడు ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో రాసే పౌనఃపున్య పట్టికే గతి. మా పదిహేను చెట్ల లెక్క మర్నాడు మళ్లీ సరిచూద్దామనుకున్నాను. ఇంటర్వెల్‌లోనే కాయలన్నీ తినేశారు.