రెండు డిటెక్టర్లు, ఒకే తరంగదైర్ఘ్యం: అపోహలు - వాస్తవాలు

అపోహ: హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి)లో వాడే రెండు యూవీ (అతినీలలోహిత) డిటెక్టర్లనూ 254 నానోమీటర్ల వద్ద పెడితే, రెండూ ఒకే కాంతిని కొలుస్తాయి.

వాస్తవం: తెరపై కనిపించే అంకె ఒక కాంతి పట్టీకి మధ్యబిందువు మాత్రమే. వేరియబుల్ వేవ్‌లెంగ్త్ డిటెక్టరులో గ్రేటింగ్ (కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసే గీతల పలక) తిరిగి, ఎంచుకున్న సన్నని పట్టీనే ఫ్లో సెల్ (ద్రావణం పారే చిన్న గది)లోకి పంపుతుంది. డయోడ్ అరే డిటెక్టరులో దీపపు కాంతి మొత్తం ముందు సెల్ గుండా సాగి, ఆ తర్వాతే విడిపోయి డయోడ్ల వరుసపై పడుతుంది. మొదటిదానిలో గ్రేటింగ్ కోణం, రెండోదానిలో ఏ డయోడుపై ఏ తరంగదైర్ఘ్యం పడుతుందన్న లెక్క తప్పితే అంకె తప్పుతుంది. ±1 నానోమీటరు హద్దులో రెండూ ఉత్తీర్ణమైనా, ఒకటి పైకీ మరొకటి కిందికీ జరిగి ఉంటే వాటి మధ్య ఎడం 2 నానోమీటర్లు అవుతుంది.

అపోహ: అంత చిన్న తేడా ఫలితాన్ని మార్చదు.

వాస్తవం: వర్ణపటంలో మనం ఎక్కడ కొలుస్తున్నామన్నదే దీన్ని తేలుస్తుంది. కెఫీన్‌ను 273 నానోమీటర్ల శిఖరం వద్ద కొలిస్తే 1 నానోమీటరు జరిగినా పెద్దగా తెలియదు. నానోమీటరుకు 5 శాతం చొప్పున అబ్జార్బెన్స్ (పదార్థం కాంతిని పీల్చుకునే మేర) పడిపోయే వాలుపై కొలిస్తే మాత్రం, అదే 2 నానోమీటర్ల ఎడం దాదాపు 10 శాతం తేడా తెస్తుంది.

అపోహ: స్టాండర్డును (గాఢత ముందే తెలిసిన ద్రావణాన్ని), శాంపిలును ఒకే డిటెక్టరుపై నడిపితే ఈ దోషం దానంతట అదే కొట్టుకుపోతుంది.

వాస్తవం: రెండింటిలోనూ కొలిచేది ఒకే పదార్థమైతే ఇది చాలావరకు నిజమే. చిక్కంతా మలినాల దగ్గర వస్తుంది. ప్రధాన పదార్థం శిఖరంపైనా, మలినం వాలుపైనా ఉన్నప్పుడు తరంగదైర్ఘ్యం కాస్త జరిగితే మొదటిదాని పీక్ ఏరియా (గ్రాఫులో ఆ పదార్థపు ఉబ్బు కింది వైశాల్యం) దాదాపు అలాగే ఉండి, రెండోదానిది మాత్రమే పెరుగుతుంది లేదా తగ్గుతుంది. అప్పుడు ఏరియా శాతమే (మొత్తం ఏరియాలో మలినం వాటాయే) కాక, మరో డిటెక్టరుపై నిర్ణయించిన రెస్పాన్స్ ఫ్యాక్టర్ (ఒకే పరిమాణానికి మలినం, ప్రధాన పదార్థం ఇచ్చే సంకేతాల నిష్పత్తి) కూడా ఇక్కడ చెల్లకుండా పోతుంది. ఒక ల్యాబ్ నుంచి మరో ల్యాబ్‌కు పద్ధతిని బదిలీ చేసినప్పుడు మలినం విలువ కలవకపోతే, అందరూ ముందుగా పదార్థాలను విడదీసే గొట్టమైన కాలమ్‌నే అనుమానిస్తారు. రెండు డిటెక్టర్ల క్యాలిబ్రేషన్ రికార్డులను పక్కపక్కన పెట్టి చూడటం అంతకంటే తేలికైన పని అని నా నమ్మకం.

అపోహ: డ్యుటీరియం దీపం వెలిగాక జరిగే స్వీయ తనిఖీ ఉత్తీర్ణమైతే చాలు.

వాస్తవం: ఆ దీపపు ఉద్గార రేఖలు 486.0, 656.1 నానోమీటర్ల వద్ద, అంటే దృశ్యకాంతిలో ఉన్నాయి. మన పని ఎక్కువగా 200-300 మధ్య సాగుతుంది. దోషం పరిధి అంతటా ఒకేలా ఉండనక్కర్లేదు కాబట్టి, 241, 287, 361 నానోమీటర్ల దగ్గర శిఖరాలున్న హోల్మియం ఆక్సైడ్ ద్రావణంతోనో, కెఫీన్‌తోనో అతినీలలోహితంలో విడిగా సరిచూడాలి. కెఫీన్‌కు 273 వద్ద శిఖరం, 245 వద్ద లోయ ఉంటాయి. శిఖరం చదునుగా ఉండటం వల్ల 272, 273, 274 విలువలు దాదాపు సమానంగా వస్తాయి. బేస్‌లైన్ (పదార్థం లేనప్పటి సంకేతం) నిలకడగా లేకపోతే శిఖరం ఏ అంకె మీద ఉందో తేల్చలేము. అందుకే దీపాన్ని తగినంతసేపు వేడెక్కనిచ్చాకే ఈ పరీక్ష చేయాలి.