చుక్కను మోసే కావడి

గత డిసెంబరులో ఊరి చివర ఉన్న ఒక పాఠశాల ఆవరణలో పిల్లలకు ఆకాశం చూపిస్తున్నాను. అందరూ టెలిస్కోప్ దగ్గర వరుస కట్టారు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు మాత్రం దాని కాలికి కట్టిన చిన్న పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. అరచేతిలో ఇమిడే పెట్టె అది. పచ్చ దీపం ఒకటి అందులో మిణుకుమిణుకుమంటోంది. "సార్, భూమి తిరిగే వేగంతోనే మోటారు టెలిస్కోప్‌ను తిప్పుతోందని చెప్పారు కదా! మరి ఈ కంప్యూటర్ దేనికి?" అని అడిగాడు.

ఆ రాత్రి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపేశాను. కానీ ఆ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు ఇవ్వాలి.

పిల్లవాడు అన్నది నిజమే. భూమి తన చుట్టూ తాను తిరగడానికి 24 గంటలు పడుతుందని మనం బట్టీ పట్టిస్తాం. నక్షత్రాల లెక్కలో అది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. అంటే ఆకాశం సెకనుకు సుమారు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతుంది. డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క ఆర్క్ సెకను. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న నాణేన్ని 5 కిలోమీటర్ల దూరంలో నిలబెడితే కంటికి ఆనేది దాదాపు అంత. నా టెలిస్కోప్ నాభ్యంతరం, అంటే కటకం నుంచి బొమ్మ పడే చోటికి దూరం, 500 మిల్లీమీటర్లు. కెమెరా పిక్సెల్ 3.76 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కాబట్టి ఒక్కో పిక్సెల్‌కు దక్కే ఆకాశం 1.55 ఆర్క్ సెకన్లు. మోటారు ఆపేస్తే నక్షత్రం సెకనుకు పది పిక్సెళ్లు దాటిపోతుంది. మూడు నిమిషాల ఫోటోలో చుక్క ఉండదు, గీత ఉంటుంది.

మోటారు తిరిగినా చిక్కు తీరదు. మోటారు ఒక మరచుట్టు కడ్డీని తిప్పుతుంది, ఆ కడ్డీ పెద్ద పళ్ల చక్రాన్ని తోస్తుంది. నా మౌంట్‌లో, అంటే టెలిస్కోప్‌ను మోసి తిప్పే పీఠంలో, ఆ చక్రానికి 135 పళ్లు. కడ్డీ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక పన్ను జరుగుతుంది, దానికి 638 సెకన్లు పడుతుంది. కడ్డీ మర చెక్కడంలో వెంట్రుకలో వందో వంతు తేడా ఉన్నా చాలు, ఆ 638 సెకన్లలో టెలిస్కోప్ ఒకసారి ముందుకు ఉరుకుతుంది, ఒకసారి వెనకబడుతుంది. మనబోటి వాళ్లు కొనగలిగే మౌంట్లలో ఈ ఊగు 20, 30 ఆర్క్ సెకన్ల దాకా ఉండటం మామూలే. 30 అంటే నా ఫోటోలో 19 పిక్సెళ్లు. సగటు వేగం సరిగ్గానే ఉంటుంది, ఏ క్షణానికి ఆ క్షణం వేగమే తప్పుతుంది.

దీనికి తోడు అక్షం గురి. మౌంట్ అక్షాన్ని ఆకాశంలోని ఉత్తర ధ్రువం వైపు సరిగ్గా నిలపాలి. యూరప్ వాళ్లకు ధ్రువ నక్షత్రం నడినెత్తికీ దిగంతానికీ మధ్యలో హాయిగా కనిపిస్తుంది. హైదరాబాదులో అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, దుమ్ములోనో వేపకొమ్మల వెనకో. పైగా కదలనిదని మనం పెళ్లిళ్లలో వేలు పెట్టి చూపించే ఆ ధ్రువుడు కూడా అసలు ధ్రువం నుంచి డిగ్రీలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ దూరంలో ఉండి, చిన్న వలయంలో తిరుగుతూనే ఉంటాడు. కెమెరాను స్టాండు మీద పెట్టి రెండు గంటలు తెరిచి ఉంచితే ఆ వలయంలో ఒక తునక ఫోటోలో పడుతుంది. ప్రతి పాఠశాలలో ఒక్కసారైనా ఈ ఫోటో తీయించాలని నా కోరిక. కదలనిదని విన్నది కదలడం పిల్లలు తమ కళ్లతో చూస్తే, ఆ తరువాత ఏది విన్నా ఒకసారి కొలిచి చూడాలనుకుంటారు.

కాబట్టి ఎవరో ఒకరు ఒక నక్షత్రాన్ని కనిపెట్టుకుని ఉండి, అది పక్కకు జరిగినప్పుడల్లా టెలిస్కోప్‌ను సవరించాలి. ఒకప్పుడు ఆ పని మనిషి కన్నే చేసేది. 1887లో ప్యారిస్‌లో సంకల్పించిన అంతర్జాతీయ నక్షత్ర పట నిర్మాణంలో మన హైదరాబాదులోని నిజామియా వేధశాల కూడా పాలు పంచుకుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఆ వేధశాలకు దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల మధ్య, అంటే ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా అన్ని డిగ్రీల దూరంలో ఉన్న పట్టీ అప్పగించారు. డైరెక్టర్లు చాట్‌వుడ్, పోకాక్, టి.పి. భాస్కరన్‌ల హయాంలో బేగంపేటలో ఆ పట్టీని గాజు ఫలకాల మీదికి ఎక్కించారు. ఫలకం తెరిచి ఉన్నంతసేపూ పరిశీలకుడు జంట దుర్భిణిలో అడ్డగీతల కూడలి మీద ఒక చుక్కను నిలిపి ఉంచడమే ఆ రోజుల్లో గైడింగ్. మెడ పట్టేసినా, దోమ కుట్టినా కన్ను తీయకూడదు. లక్షల చుక్కల స్థానాలు ఆ ఓపికలోంచి వచ్చాయి.

ఇప్పుడు ఆ పరిశీలకుడి కుర్చీలో కూర్చున్నది ఆ పచ్చ దీపం పెట్టె. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. 2012లో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి కేంబ్రిడ్జిలో తయారుచేసిన చౌక కంప్యూటర్ అది. పెద్ద టెలిస్కోప్ వీపు మీద ఒక చిన్న దుర్భిణి, దానికి ఒక చిన్న కెమెరా ఉంటాయి. పెట్టెలో పీహెచ్‌డీ2 అనే ఉచిత ప్రోగ్రామ్ నడుస్తుంది. రెండేసి సెకన్లకు ఒక ఫోటో తీసి చుక్క ఎక్కడుందో చూస్తుంది. జరిగితే మౌంట్‌ను సవరిస్తుంది.

చుక్క ఎక్కడుందో చూడటం అన్నానే, అదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నా చిన్న దుర్భిణి నాభ్యంతరం 120 మిల్లీమీటర్లే. దాని కెమెరాలో ఒక్కో పిక్సెల్ 6.4 ఆర్క్ సెకన్లు. పెద్ద కెమెరా పిక్సెల్ కంటే నాలుగు రెట్లు మోటు. ఇంత మోటు కన్ను అంత సన్నని పనిని ఎలా చూసుకోగలదు?

కావడి మోసేవాళ్లను చూసి ఉంటారు. బద్దకు రెండు చివరలా బుట్టలు. రెండూ సమానమైతే భుజం బద్ద నడుమ ఉంటుంది. ఒక బుట్టలో సరుకు ఎక్కువైతే భుజం అటువైపు జరుగుతుంది. ఎంత జరగాలో బరువులే చెబుతాయి. ఇప్పుడు రెండు బుట్టలకు బదులు అయిదు బుట్టలు సమాన దూరాల్లో వేలాడుతున్న కావడిని ఊహించండి. ఒక్కో బుట్ట ఒక్కో పిక్సెల్. బుట్టలో సరుకు ఆ పిక్సెల్ మీద పడిన వెలుగు. నక్షత్రం బిందువే అయినా గాలి, కటకం కలిసి దాన్ని కొన్ని పిక్సెళ్ల మేర పరుస్తాయి కాబట్టి అయిదు బుట్టల్లోనూ ఎంతో కొంత పడుతుంది.

కెమెరా ఇచ్చిన అంకెలు ఇవి అనుకుందాం: 110, 180, 300, 240, 120. వీటిలో 100 ఆకాశపు వెలుగుది, అంటే ఖాళీ బుట్ట బరువు. అది తీసేస్తే మిగిలేవి 10, 80, 200, 140, 20. మొత్తం 450. ఒక్కో బరువును దాని బుట్ట వరుస సంఖ్యతో గుణించి కూడితే 1,430. దాన్ని 450తో భాగిస్తే 3.18. భుజం ఉండాల్సింది మూడో బుట్టకు కాస్త అవతల. రెండు సెకన్ల తరువాత 10, 70, 190, 150, 30 వచ్చాయి. మొత్తం మళ్లీ 450, భాగహారం 3.27. ఏ బుట్టలోనూ పెద్ద మార్పు లేదు, చుక్క మూడో పిక్సెల్ దాటనూ లేదు. అయినా అది పిక్సెల్‌లో 0.09 వంతు జరిగిందని మనకు తెలిసిపోయింది! 0.09 అంటే 0.57 ఆర్క్ సెకను, పెద్ద కెమెరా పిక్సెల్‌లో మూడో వంతు. మోటు కన్ను సన్నని పని చేస్తున్నది ఇలాగే.

దీన్నే బడిలో గరిమనాభి అంటాం. అట్టముక్కను సూది మొన మీద నిలబెట్టించి, మార్కులు వేసి వదిలేస్తాం. అదే లెక్క నక్షత్రాలను పట్టి నిలుపుతుందని ఆ పూటే ఒక మాట చెబితే ఎంత బాగుంటుంది!

కావడిని ఇంకా మోయనివ్వండి. ఖాళీ బుట్టల బరువు తీసేయడం మరిచిపోతే? మొదటి అంకెలతోనే చేసి చూడండి: 2,930ని 950తో భాగిస్తే 3.08. భుజం బద్ద నడుమకు లాక్కుపోయింది. నగరాల్లో ఆకాశపు వెలుగు ఎక్కువ, అంటే బుట్టలే బరువు. అందుకే అక్కడ ఈ తీసివేత మరింత శ్రద్ధగా జరగాలి. బుట్టలో ఎవరో రాయి వేస్తే? కెమెరా వేడెక్కినప్పుడు కొన్ని పిక్సెళ్లు వెలుగు లేకుండానే వెలుగుతాయి. మన వేసవిలో అవి మరీ ఎక్కువ. మూత పెట్టి ఒక చీకటి ఫోటో తీసి, ఆ రాళ్లను ముందే లెక్కగట్టి తీసేస్తారు. బుట్ట నిండి పొర్లిపోతే? మరీ ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఎంచుకుంటే నడిమి పిక్సెల్ గరిష్ఠానికి చేరి ఆగిపోతుంది, అసలు బరువు తెలియదు. సరుకంతా ఒకే బుట్టలో పడితే? దుర్భిణి ఫోకస్ మరీ పదునుగా ఉంటే చుక్క ఒకే పిక్సెల్‌లో ఇమిడిపోయి, దానిలో అటూ ఇటూ జరిగినా అంకెలు మారవు. అందుకే గైడ్ దుర్భిణి ఫోకస్‌ను నేను కావాలనే కాస్త చెదరనిస్తాను. ఇప్పుడు పీహెచ్‌డీ2 ఒకేసారి పలు చుక్కలను చూడగలదు. తొమ్మిది కావడులు మోసి సగటు తీస్తే, వాటి తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైనంత మేరకు, తప్పు మూడో వంతుకు తగ్గుతుంది.

తప్పు తెలిశాక సవరణ. మౌంట్ సవరణ వేగం నక్షత్ర వేగంలో సగం, అంటే సెకనుకు 7.5 ఆర్క్ సెకన్లు. 0.57 మొత్తాన్నీ ఒకేసారి దిద్దకూడదు, ఎందుకంటే అందులో కొంత గాలి వణుకు వల్ల వచ్చింది, మరుక్షణం దానంతట అదే పోతుంది. 70 శాతం దిద్దితే 0.4. దానికి 53 మిల్లీసెకన్ల తోపు చాలు. పెట్టెను నడిపే లైనక్స్ ఏ పనినీ ఖచ్చితమైన క్షణానికి చేస్తానని హామీ ఇచ్చే వ్యవస్థ కాదు. రాస్ప్‌బెర్రీ పై పిన్నుల నుంచి ఆప్టో కప్లర్ల (వెలుగుతో సంకేతాన్ని దాటించే చిన్న స్విచ్చుల) ద్వారా మౌంట్ గైడ్ సాకెట్‌కు తోపు పంపితే అయిదు మిల్లీసెకన్లు అటూ ఇటూ కావచ్చు. ఆ తేడా ఖరీదు 0.04 ఆర్క్ సెకను, లెక్కలోకి రాదు. మౌంట్‌కే నేరుగా "53 మిల్లీసెకన్లు పడమరకు" అని ఆదేశం పంపితే తోపు నిడివిని కొలిచేది మౌంటే కాబట్టి ఆ తేడా కూడా ఉండదు. చుక్క చుట్టూ 15 × 15 గడి తీసుకుంటే 225 పిక్సెళ్లు, వేయి పైచిలుకు గుణకారాలు, కూడికలు. అదీ రెండు సెకన్లకు ఒకసారి. సెకనుకు వంద కోట్లకు పైగా లెక్కలు చేయగల రాస్ప్‌బెర్రీ పైకి ఇది పనే కాదు. గైడింగ్‌కు కావలసింది నిద్రపోకుండా ఉండటం.

ఆ మెలకువ ఎంత కరెంటు తింటుందన్నదే చీకట్లో అసలు ప్రశ్న. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దింపకూడదు, కాబట్టి 42. రాస్ప్‌బెర్రీ పై, గైడ్ కెమెరా కలిసి 6 వాట్లు తీసుకుంటే 7 గంటలు. 40 వాట్ల ల్యాప్‌టాప్‌కైతే గంట. చలికాలంలో కటకం మీద మంచు పట్టకుండా చుట్టే హీటర్ పట్టీ ఈ పెట్టె కంటే ఎక్కువ తాగవచ్చు.

పోయిన ఏడాది ఒక అమావాస్య రాత్రిని నేను అర మీటరు సన్నని తీగ వల్ల పోగొట్టుకున్నాను. పది నిమిషాలకోసారి కెమెరా మాయమయ్యేది. ప్రోగ్రామ్‌ను తిట్టుకుంటూ మూడు గంటలు గడిపాక తెర మూలలో చిన్న మెరుపు గుర్తు కంటపడింది. వోల్టేజి 4.63 కంటే పడిపోయిందని పెట్టె ఇచ్చే హెచ్చరిక అది. మర్నాడు తీగ మార్చి దాని పొడవు సగం చేశాను, మళ్లీ ఆ గుర్తు రాలేదు. ఇంకొకటి, పాత రాస్ప్‌బెర్రీ పైలలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ లేని పొలంలో దానికి టైము తెలియదు. నాలుగు నిమిషాలు తప్పితే టెలిస్కోప్ ఒక డిగ్రీ పక్కకు చూస్తుంది. ముందు ఫోను నుంచి టైము ఇవ్వండి.

ఆ డిసెంబరు రాత్రి పిల్లలంతా వెళ్లిపోతుండగా ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. తూర్పున వరుసగా మూడు చుక్కలు బాగా పైకి వచ్చాయి. వరుసగా ఉన్న మూడు చుక్కలను పల్లెల్లో గొల్లకావడి అంటారు. వాటి మీదికి మబ్బు తునక ఒకటి పాకుతోంది. "సార్, మబ్బు కప్పేస్తే పెట్టె ఏం చేస్తుంది?"

ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. చుక్క మసకబారింది. బుట్టలు ఖాళీ అయ్యాయి. ఖాళీ బుట్టల్లో మిగిలేది కెమెరా గుసగుస, అంటే వెలుగు లేకున్నా ఊగే చిల్లర అంకెలు, మాత్రమే, దాన్ని తూస్తే భుజం ఇష్టం వచ్చినట్టు ఎగురుతుంది. అందుకే వెలుగు గుసగుసలోంచి తేటగా పైకి లేవనప్పుడు ప్రోగ్రామ్ తోపులు ఆపేసి, మౌంట్‌ను మోటారుకు వదిలేస్తుంది. పదకొండు నిమిషాలు గడిచాయి. 30 ఆర్క్ సెకన్లు ఊగే మౌంట్‌ను అంతసేపు వదిలేస్తే చుక్క గడి దాటిపోతుందేమోనని నాకు గుబులు. మబ్బు జరిగింది. చుక్క ఒక్క పిక్సెల్ పక్కన తేలింది. కడ్డీ చుట్టు 638 సెకన్లు, అంటే పది నిమిషాల 38 సెకన్లు. మబ్బు ఉన్నంతసేపట్లో అది దాదాపు ఒక పూర్తి చుట్టు తిరిగి, ఊగు మొదలైన చోటికే వచ్చేసింది. ఆ ఒక్క పిక్సెల్ అక్షం గురిలో మిగిలిన తప్పు. అబ్బాయి నా నోట్‌బుక్ తీసుకుని 86,164 సెకన్లను 135తో భాగించడం మొదలుపెట్టాడు.