తలుపు శబ్దం విని బండి కొనకండి: ఫోక్స్‌వ్యాగన్ గురించి అపోహలు, వాస్తవాలు

తలుపు తీస్తారు, వేస్తారు. 'ధబ్' అని వినపడగానే మొహం వెలిగిపోతుంది. "చూశారా, జర్మన్ ఇనుమంటే అదీ!" అని పక్కవాళ్లకి చెబుతారు. విశాఖ ఆటోనగర్‌లో మా షెడ్డుకి సెకండ్ హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్, అంటే పోలోనో వెంటోనో చూపించడానికి తెచ్చేవాళ్లు దాదాపు అందరూ చేసే పని ఇదే.

పోయిన వారం ఒక భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరు చిన్న పిల్లలు. ఆయనకి రోజూ గాజువాక నుంచి అనకాపల్లి దాకా హైవే మీద డ్యూటీ. తెచ్చింది 2012 పోలో, కింది వేరియంట్. ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "అన్నయ్యా, ఇది సేఫేనా?" నేను నోరు తెరిచేలోపే ఆయన తలుపు ఇంకోసారి వేసి వినిపించారు. అదే ఆయన జవాబు.

ఆయన్ని తప్పుపట్టను. కష్టార్జితం పెట్టి కొనేటప్పుడు ఏదో ఒక భరోసా కావాలి, ఆ శబ్దం దాన్ని ఇస్తుంది. కానీ పదిహేనేళ్లుగా ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బళ్ల బాడీ పని, స్కానింగ్ చేస్తున్నవాడిగా చెబుతున్నాను, ఈ కంపెనీ గురించి తిరిగే అపోహలన్నిటిలో జనానికి ఎక్కువ నష్టం చేసేది ఇదే. మిగతావి డబ్బు పోగొడతాయి. ఇది మనిషిని పోగొడుతుంది.

అపోహ: జర్మన్ బండి గట్టిది, గుద్దుకున్నా లోపలివాళ్లకి ఏమీ కాదు.

వాస్తవం కావాలంటే 2014 జనవరికి వెళ్లాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్ముతున్న ఐదు చిన్న కార్లను గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. పెద్దవాళ్ల రక్షణలో ఐదింటికీ సున్నా స్టార్లే. ఆ ఐదింటిలో ఎయిర్‌బ్యాగులు లేని పోలో కూడా ఉంది. అవును, మన 'ధబ్' పోలోనే.

బాడీ నలిగిపోయిందా? లేదు. పోలో బాడీ నిలబడిందనే రిపోర్టులో రాశారు. ముందు సీట్లలో కూర్చోబెట్టిన డమ్మీలకి బెల్టు కూడా పెట్టారు. అయినా సున్నా. ఎందుకంటే బండి ఆగిపోయినా లోపలి మనిషి ఆగడు. తల ముందుకి దూసుకెళుతుంది, దాన్ని పట్టుకునేదేదో ఒకటి ఉండాలి. తర్వాత అదే పోలోని రెండు ఎయిర్‌బ్యాగులతో పరీక్షిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. అదే ఇనుము, అదే తలుపు, అదే శబ్దం. తేడా అల్లా రెండు గుడ్డ సంచులు. ఆ తర్వాత ఎయిర్‌బ్యాగులు లేని పోలోని కంపెనీ అమ్మకం నుంచి తీసేసింది.

కానీ అప్పటికే అమ్ముడైనవి ఎక్కడికి పోతాయి? అవన్నీ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో, తక్కువ ధరలో, "జర్మన్ బిల్డ్ క్వాలిటీ సార్" అనే డైలాగుతో తిరుగుతున్నాయి. 2014కి ముందు పోలో చూస్తుంటే తలుపు వదిలేసి స్టీరింగ్ మధ్యలో 'ఎయిర్‌బ్యాగ్' అన్న ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. ఎడమ పక్క డ్యాష్‌బోర్డు మీద కూడా చూడండి. ఆ భార్యాభర్తలు తెచ్చిన బండికి రెండు చోట్లా లేవు.

ఇంతకీ ఆ శబ్దం ఎక్కడిది? తలుపు రేకు లోపలి వైపు అతికించే తారు షీట్లు, మందపాటి రబ్బరు బీడింగు, లాకు పడే తీరు, వీటన్నిటి నుంచి వస్తుంది. చెవికి ఇంపుగా ఉండేలా దాన్ని సరిచేయడానికే కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు ఉంటారు. అది మంచి పనితనమే, కాదనను. కానీ ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఆ శబ్దం అడ్డం పడదు.

ఇంకో మాట. బండి ఎంత గట్టిగా ఉంటే అంత క్షేమం అన్న ఆలోచనని మొదట వదులుకున్నది జర్మనీ వాళ్లే. డైమ్లర్-బెంజ్‌లో పనిచేసిన బేలా బారేని అనే ఇంజనీరు 1950ల మొదట్లోనే దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. మనుషులు కూర్చునే భాగం గట్టిగా ఉండాలి, ముందు భాగం, వెనక భాగం నలగాలి అన్నాడు. నలిగే ఇనుము దెబ్బని మింగుతుంది, నలగకపోతే ఆ దెబ్బంతా లోపలివాళ్లకే. తమాషా ఏమిటంటే, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు మూల ఆలోచన కూడా తనదేనని కోర్టుకెళ్లి ఒప్పించుకున్న మనిషి ఈయనే. ఇక జనం ఇనుప కోటలా తలుచుకునే ఆ పాత బీటిల్‌కి పెట్రోలు ట్యాంకు ఎక్కడుండేదో తెలుసా? ముందు డిక్కీలో, దాదాపు మన కాళ్ల ముందు. చిన్న యాక్సిడెంట్‌కే బానెట్ మడతపడిందని "ఇదేం జర్మన్ బండి, అప్పడంలా ఉంది" అని తిట్టుకుంటూ వస్తారు కొందరు. బాబూ, అది మడతపడింది కాబట్టే మీరు నడిచొచ్చి నన్ను తిడుతున్నారు.

ఇక ఎయిర్‌బ్యాగులు ఉన్న బండి కొన్నాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకి.

ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగు మళ్లీ పనికిరాదు. దాంతోపాటు బెల్టుని లాగిపట్టే ప్రీటెన్షనర్లు మార్చాలి, డ్యాష్‌బోర్డు మార్చాలి, ఎయిర్‌బ్యాగుని నడిపించే కంప్యూటర్, అదే మాడ్యూల్, దాని సంగతి చూడాలి. ఖర్చు చాలా అవుతుంది. ఇన్సూరెన్స్ లేని బండి అయితే ఓనరు బేరం పెడతాడు. అప్పుడు కొన్ని షెడ్లలో ఏం చేస్తారంటే, ఖాళీ స్టీరింగ్ మీద కొత్త మూత అతికించి, లోపల ఎయిర్‌బ్యాగు కనెక్టరుకి చిన్న రెసిస్టర్ తగిలిస్తారు. మాడ్యూల్ దాన్ని చూసి ఎయిర్‌బ్యాగు ఉందనుకుంటుంది. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగదు. స్కానర్‌లో కూడా ఫాల్ట్ రాదు.

నాకెలా తెలుసంటే, నేను చేశాను కాబట్టి. 2011లో పూణేలో ఒక షెడ్డులో హెల్పరుగా ఉన్నప్పుడు, మేస్త్రి చేతిలో పెట్టిన రెసిస్టర్‌ని నా చేత్తోనే ఒక సిల్వర్ రంగు వెంటోలో పెట్టాను. అదేమిటో సగమే తెలుసు. తెలిశాక కూడా పని పోతుందని నోరు మూసుకున్నాను. డెలివరీ రోజు ఆ ఓనరు కొబ్బరికాయ కొట్టించి, పేడా పెట్టి వెళ్లాడు. ఆ బండి ఇప్పుడు ఎవరి దగ్గరుందో, అందులో ముందు సీట్లో ఎవరు కూర్చుంటున్నారో నాకు తెలియదు. ఛాసిస్ నంబరు చివరి నాలుగు అంకెలు మాత్రం గుర్తున్నాయి. సిల్వర్ వెంటో ఏది వచ్చినా ఈ రోజుకీ ముందు అవే చూస్తాను.

కాబట్టి మీరు చూడాల్సింది ఇదీ. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగు లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ లైటుని ఎవరో పనిచేయకుండా చేశారేమోనని అనుమానించాలి. వెలిగి ఆరితే సగం పరీక్షే అయింది. తర్వాత బెల్టుని చివరిదాకా లాగండి. అడుగున కుట్టిన లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. బెల్టు బండికంటే కొత్తదైతే యాక్సిడెంట్ అయిందనే కానీ, కంగారు పడక్కర్లేదు. బెల్టు మార్చారంటే పని సరిగ్గా చేసి ఉండే అవకాశం ఎక్కువ. బెల్టు పాతదే ఉండి, రేడియేటరు, అప్రాన్ (బానెట్ కింద పక్క రేకు), బంపరు మాత్రం తళతళలాడుతుంటే అక్కడ అనుమానించాలి. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు మూత గీత ఎగుడుదిగుడుగా ఉన్నా అంతే. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడగండి. ఇక తెలిసిన మెకానిక్ చేత బ్యాటరీ వైరు తీయించి, కాసేపు ఆగి, స్టీరింగ్ మీది యూనిట్ విప్పి చూపించమనండి. అదొక్కటే నమ్మకమైన పరీక్ష. మీరు మాత్రం విప్పకండి, లోపల ఉన్నది చిన్న సైజు బాంబు.

ఇంత చేసి, బెల్టు పెట్టుకోకుండా, బీప్ రాకుండా బెల్టు లాకులో ఉత్త క్లిప్పు గుచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లని చూస్తే నాకు బీపీ వస్తుంది. ఆన్‌లైన్‌లో ఆ క్లిప్పుల అమ్మకం ఆపమని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశాలిచ్చింది కూడా. ఎయిర్‌బ్యాగు బెల్టుకి తోడు, బెల్టుకి బదులు కాదు. కళ్లు మూసి తెరిచేలోపు పేలే ఆ సంచి మీదకి బెల్టు లేని మనిషి ఎగిరి పడితే, కాపాడాల్సిందే కొడుతుంది. వెనక సీట్లో కూర్చునేవాళ్లకీ ఇదే మాట. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చునే తల్లులకి ఇంకా గట్టిగా చెబుతున్నాను, దయచేసి వద్దమ్మా.

సరే, మిగతావి గబగబా.

"ఇది హిట్లర్ కారు." మొదలైంది అతని హయాంలోనే, డిజైన్ ఫెర్డినాండ్ పోర్షేది. కానీ ఆ కథలో మనవాళ్లకి బాగా అర్థమయ్యే ముక్క చీటీ ముక్క. కారు ధర 990 మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు), వారానికి 5 మార్కుల స్టాంపు కొని పుస్తకంలో అతికించాలి. సుమారు 3,36,000 మంది కట్టారు. ఆ స్కీమ్ కింద ఒక్కరికీ కారు అందలేదు. యుద్ధం వచ్చింది, ఫ్యాక్టరీలో సైన్యానికి బళ్లు చేశారు, వేలమంది బందీల చేత వెట్టిచాకిరీ చేయించారు. ఇది దాచాల్సిన చరిత్ర కాదు, కంపెనీ కూడా తర్వాత ఒప్పుకుంది. అయితే ఈ రోజు మనం చూసే ఫోక్స్‌వ్యాగన్‌ని నిలబెట్టింది ఒక బ్రిటిష్ సైనికాధికారి, మేజర్ ఐవన్ హర్స్ట్. 1945లో బాంబులకి పాడైన ఫ్యాక్టరీని నడిపించి, బ్రిటిష్ సైన్యం నుంచి 20,000 కార్ల ఆర్డరు రావడానికి కారణమయ్యాడు. అంతకన్నా చిత్రం, ఆ కారుని చూసిన బ్రిటిష్ కార్ల కంపెనీలవాళ్లు పనికిరాదు పొమ్మన్నారు. పనికిరాదన్న ఆ బీటిల్ 2003లో మెక్సికోలో ఆఖరిది తయారయ్యేసరికి 2 కోట్ల 15 లక్షలు దాటింది.

"డీజిల్ స్కాం బళ్లు, ఇంజన్ పోతుంది, ఆర్టీఓ వాళ్లు సీజ్ చేస్తారు." 2015 సెప్టెంబరులో బయటపడింది పొగ మోసం. బండిని ల్యాబులో పరీక్షిస్తున్నారని సాఫ్ట్‌వేర్ కనిపెట్టి, అప్పుడు మాత్రం తక్కువ పొగ వదిలేది. ప్రపంచమంతా కలిపి కోటి 10 లక్షల బళ్లు. కంపెనీ చేసింది దగా, అందులో సందేహం లేదు, నేనేమీ వెనకేసుకురాను. మన దేశంలో 3,23,700 బళ్లని సాఫ్ట్‌వేర్ మార్చడానికి పిలిచారు. ఇంజన్ ఆయుష్షుకీ ఆ మోసానికీ సంబంధం లేదు. ఒక రిటైర్డ్ మాస్టారు ఈ పుకారు విని మూణ్ణెల్లు బండి బయటికి తీయలేదు. టెన్షన్‌తో నాకు రోజూ ఫోన్. బండికి ఏమీ కాలేదు కానీ నిలిపి ఉంచినందుకు బ్యాటరీ పోయింది.

"జర్మనీ నుంచే వస్తుంది." పోలో, వెంటో, ఇప్పటి టైగన్, వర్టస్ మహారాష్ట్రలోని చాకన్‌లో తయారైనవి. అన్నట్టు టైగన్, వర్టస్ రెండింటికీ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు వచ్చాయి, ఆ మార్కులు తలుపు శబ్దానికి కాదు.

"వైజాగ్‌కి రావాల్సిన ఫ్యాక్టరీని జర్మనీవాళ్లు ఎత్తుకుపోయారు." ఇది మా ఊరి అపోహ. 2005లో నేను ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్నాను, క్లాసంతా ఫోక్స్‌వ్యాగన్‌లో ఉద్యోగం వచ్చేసినట్టే కలలు కన్నాం. జరిగిందేమిటంటే, ఫ్యాక్టరీ కోసమని రాష్ట్ర ప్రభుత్వం కట్టిన 11 కోట్ల రూపాయలు వేరే సంస్థకి వెళ్లాయి. దానితో మాకు సంబంధం లేదంది ఫోక్స్‌వ్యాగన్. సీబీఐ విచారణ దాకా పోయింది. ఫ్యాక్టరీ 2009లో చాకన్‌లో తెరిచారు. మా బ్యాచ్‌లో నలుగురం దాని వెనకే పూణే రైలెక్కాం.

"పోలో ఆగిపోయింది, ఇక పార్టులు దొరకవు." 2022లో తయారీ ఆగింది నిజమే, పార్టులు ఆగలేదు. మొన్ననే ఒక 2013 బండికి హెడ్‌లైటు తెప్పించాను, నాలుగు రోజులు పట్టింది. ఈ భయంతో అయినకాడికి అమ్ముకుంటున్నవాళ్లని చూస్తే జాలేస్తుంది, వాళ్ల దగ్గర కొని మళ్లీ లాభానికి అమ్మే బ్రోకర్లే ఈ పుకారు ఎక్కువ చెబుతుంటారు.

ఆ గాజువాక భార్యాభర్తలు ఆ పోలో కొనలేదు. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. రాత్రి ఆమె ఫోన్ చేసి, ఇంకో బండి చూశామని, 2017దని, స్టీరింగ్ మీద అక్షరాలు ఉన్నాయని చెప్పారు. ఆదివారం పొద్దున తెమ్మన్నాను. రంగు అడిగితే సిల్వర్ అన్నారు.