అక్షరం ఎంత లోతున ఉంది?

నేను రోజంతా తెలుగు టైప్ చేసేది ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరికలో. ‘ర’ కావాలంటే ‘జె’ నొక్కాలి, ‘ప’ కావాలంటే ‘హెచ్’, ‘త’ కావాలంటే ‘ఎల్’. గుణింతాల గుర్తులు దాదాపు అన్నీ ఎడమ చేతి కిందే ఉంటాయి. వేళ్లకు ఇదంతా బాగా తెలుసు. చెడగొట్టేవి కళ్లే. తల దించగానే కీ మీద ఇంగ్లిష్ అక్షరం కనబడి చెయ్యి తడబడుతుంది.

అందుకే సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్న మెకానికల్ కీబోర్డు మీది అక్షరాలు అరగదీయాలనుకున్నాను. రాణీగంజ్‌లో వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం కొని, కీల మీది తొడుగులు (కీక్యాప్‌లు) ఊడదీసి, నీళ్ల గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి కీ నిమిషంలో బోసిపోయింది. పాత కీబోర్డుది ఇంకో కీ మాత్రం పావుగంట రుద్దినా చెక్కుచెదరలేదు.

తేడా అంతా అక్షరం ప్లాస్టిక్‌లో ఎక్కడ ఉందన్నదే. చవక కీల మీద అక్షరం రబ్బరు స్టాంపు ముద్రలాంటిది. సిరా పైపైనే ఉంటుంది, గోటితో గీకితే తగులుతుంది. ఇది ఇట్టే పోతుంది. డబుల్ షాట్ కీలో అక్షరమే వేరే రంగు ప్లాస్టిక్. కీని తిరగేస్తే లోపల రెండు రంగులూ కనిపిస్తాయి. దాన్ని అరగదీయడమంటే కీనే అరగదీయడం.

నన్ను ఓడించింది మూడో రకం, డై సబ్లిమేషన్. హారతి కర్పూరం కరిగి నీరు కాకుండానే ఆవిరవుతుంది కదా, ఉత్పతనం అంటారు. ఈ రంగులూ అంతే. సుమారు 200 డిగ్రీల వేడికి ఆవిరై ప్లాస్టిక్ లోపలికి దిగిపోతాయి. పాలిస్టర్ చీరల మీద పూలు అచ్చు వేసే పద్ధతుల్లో ఇదీ ఒకటి. ఆ పోలిక ఊరికే రాలేదు: ఈ కీలు చేసే పీబీటీ అనే ప్లాస్టిక్ కూడా పాలిస్టర్ జాతిదే. మామూలు కీల ప్లాస్టిక్ ఏబీఎస్ 105 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అంత వేడికి ఆగలేదు.

ఏ ప్లాస్టిక్కో వంటింట్లోనే తేలుతుంది, అక్షరాలా. గ్లాసుడు నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలపండి. కీని పూర్తిగా ముంచి, లోపలి గాలి బుడగలు పోయేలా కదిపి వదలండి. ఏబీఎస్ తేలుతుంది, పీబీటీ మునుగుతుంది. ఆ ఉప్పునీటి సాంద్రత సుమారు 1.2, ఏబీఎస్‌ది 1.05, పీబీటీది 1.3. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే.

వెనక లైటు వెలిగే కీల జోలికి మాత్రం వెళ్లకండి. చాలావాటిలో కాంతి పారే ప్లాస్టిక్ మీద నల్ల పెయింటు వేసి, అక్షరం మేరకు లేజర్‌తో తొలగిస్తారు. రుద్దితే ముందు పోయేది ఆ పెయింటే.

రుద్దేటప్పుడు నీళ్లు తప్పనిసరి. పొడిగా రుద్దితే రాపిడి వేడికి ఏబీఎస్ మెత్తబడి కాగితానికి అంటుకుపోతుంది, ప్లాస్టిక్ దుమ్ము ముక్కులోకి వెళ్తుంది. కాగితం నంబరు పెరిగేకొద్దీ రవ్వ సన్నబడుతుంది: పి400లో సుమారు 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పి1000లో 18, పి2000లో 10. నేను 1000 దగ్గర ఆపేశాను. ఆ గీతలు కంటికి ఆనవు కానీ కాంతిని చెదరగొడతాయి, అందుకే మెరుపు లేని నునుపు వస్తుంది. ఇంకా సన్నగా రుద్దుతూ పోతే కీ మెరవడం మొదలవుతుంది. ఏళ్ల తరబడి వాడిన ఏబీఎస్ కీ జిడ్డుగా కనిపించేదీ అందుకే. కడిగినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు, మన వేళ్లే పట్టిన పాలిష్.

చివరికి ‘ఎఫ్’, ‘జె’ మిగిలాయి. వాటి మీద చిన్న ఉబ్బు గీత ఉంటుంది, చూపుడు వేళ్లకు ఆనవాలు. అదీ అరిగితే చూడకుండా టైప్ చేసేవాళ్లకు దారి పోయినట్టే. కాగితాన్ని అగ్గిపుల్ల చివర చుట్టి, గీతను తప్పించి చుట్టూరా రుద్దాను. ఆ రెండు కీలకే అరగంట పట్టింది. ఇప్పుడు ‘జె’ లేదు, గీత ఉంది, దాని కింద ‘ర’.