సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు: కథ బలం ఎక్కడుంటుంది? అపోహలు – వాస్తవాలు

ఏ సిరీస్ కథ గొప్పదన్న చర్చ మొదలైతే పది నిమిషాల్లో అభిమానుల కొట్లాటగా మారుతుంది. ఎవరి కొలబద్ద వాళ్లది. స్క్రిప్టు పని తెలిసినవాళ్లు చూసేది వేరు. ప్రతి సిరీస్ ప్రేక్షకుడి దగ్గర అప్పు చేస్తుంది. ఒక ప్రశ్న వేసి, "ఆగు, చెబుతా" అంటుంది. ఆ బాకీ ఎప్పటికి తీరుస్తానంది? అన్న గడువుకు తీర్చిందా, వడ్డీతో సహా తీర్చిందా, ఎగ్గొట్టిందా? పోల్చాల్సింది ఇదీ. అరగంటలో తీరే అప్పుకీ ఐదేళ్ల అప్పుకీ ఒకే గడువు పెట్టి లెక్కేస్తే రెండింటికీ అన్యాయమే.

కింద చాలా కథల గుట్టు విప్పక తప్పలేదు. చూడని సిరీస్ పేరు కనిపిస్తే ఆ పేరా దాటేయండి.

అపోహ: ఎపిసోడ్‌కో కథ చెప్పడం పాతకాలపు పద్ధతి. కొనసాగే కథే గొప్ప కథనం.

వాస్తవం: రెండూ వేర్వేరు పనిముట్లు. ఒకదానితో చేసేది రెండోదానితో చేయలేం.

'ద ట్వైలైట్ జోన్' (1959–64) చూడండి. 156 ఎపిసోడ్లలో 92 దాని సృష్టికర్త రాడ్ సెర్లింగే రాశాడు. ఒక మనిషి, ఒక వింత షరతు, ఒక మలుపు, అరగంటలో అయిపోతుంది. 1963లో నాలుగో సీజన్‌కు దాన్ని గంటకు పెంచారు, 18 ఎపిసోడ్లు అలా వచ్చాయి. అదే తరహా ఆలోచనలు, అదే సెర్లింగ్. అయినా చాలావాటిలో నడుమ భాగం సాగదీసినట్టే ఉంటుంది. మలుపు మీద నిలబడే కథలో మధ్యలో కొత్త సమాచారం ఇస్తే మలుపు ముందే తెలిసిపోతుంది, ఇవ్వకపోతే పాత్ర ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఐదో సీజన్‌కు మళ్లీ అరగంటకే వచ్చేశారు.

'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జెనరేషన్' (1987–94)లో "ది ఇన్నర్ లైట్" అనే ఎపిసోడ్ ఉంది, 1992లో వచ్చింది. కెప్టెన్ పికార్డ్ ఎప్పుడో చచ్చిపోయిన ఒక గ్రహం మీద మరో మనిషిగా దాదాపు 40 ఏళ్లు బతుకుతాడు. పెళ్లి, పిల్లలు, ముసలితనం అన్నీ చూస్తాడు. కళ్లు తెరిస్తే తన అంతరిక్ష నౌకలో గడిచింది 25 నిమిషాలే. కొనసాగే కథలో ఇలాంటిది పెడితే ఆ 40 ఏళ్ల బరువును తర్వాతి ఎపిసోడ్లన్నీ మోయాలి, సిరీస్ దారే మారిపోతుంది. విడి కథ కాబట్టే ఒక నిండు జీవితాన్ని ఒక్క గంటలో ఖర్చుపెట్టేయగలిగారు. బలహీనతా అక్కడే ఉంది. తర్వాతి వారం ఆయన ఏమీ జరగనట్టు కుర్చీలో కూర్చుంటాడు. ఆ జీవితం నుంచి తెచ్చుకున్న వేణువు ఆరో సీజన్‌లో "లెసన్స్" ఎపిసోడ్‌లో మళ్లీ బయటికొస్తుంది. బాకీలో కొంత అక్కడ తీరింది.

మరి కొనసాగే కథ దేనికి పనికొస్తుంది? చేసిన పని ఫలితం వెంటాడటానికి. అంతరిక్ష స్టేషన్‌లో నడిచే స్టార్ ట్రెక్ సిరీస్ 'డీప్ స్పేస్ నైన్' (1993–99) ఈ తేడాను వేదికలోనే పెట్టుకుంది. నౌక సమస్యను వెనక వదిలేసి మరో గ్రహానికి వెళ్లిపోగలదు, స్టేషన్ ఎక్కడికీ పోలేదు. నిన్న మోసం చేసినవాడు ఇవాళ అదే కారిడార్‌లో ఎదురొస్తాడు. ఆ సిరీస్‌లో యుద్ధం ఏళ్ల తరబడి నడవగలిగిందంటే పునాది ఈ చిన్న నిర్ణయమే.

అపోహ: మొదటి రోజే చివరిదాకా ప్లాన్ ఉంటేనే కథ నిలబడుతుంది.

వాస్తవం: అందరూ ఉదాహరణగా చూపేది 'బాబిలన్ 5' (1994–98). జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ ఐదేళ్ల కథగా అనుకుని మొదలుపెట్టాడు. 110 ఎపిసోడ్లలో 92 తానే రాశాడు, మూడు, నాలుగు సీజన్లయితే మొత్తం ఆయనవే. నిజంగానే గొప్ప ప్లాన్. అయితే ఆ ప్లాన్‌ను బతికించింది అందులోని తప్పించుకునే దారులు. ఏ నటుడు వెళ్లిపోయినా కథ ఆగకుండా ప్రతి ముఖ్య పాత్రకూ ఒక "ట్రాప్ డోర్" ముందే అనుకుని పెట్టాడు. మొదటి సీజన్ కథానాయకుడు సింక్లెయిర్ వెళ్లిపోయాడు, రెండో సీజన్ నుంచి షెరిడన్ వచ్చాడు. సింక్లెయిర్ లెక్క మూడో సీజన్ రెండు భాగాల కథలో తేలింది.

ప్లాన్ దెబ్బ తిన్న చోటూ ఉంది. ఐదో సీజన్ వస్తుందో రాదో తెలియక పెద్ద కథలన్నీ నాలుగో సీజన్‌లోకి కుక్కారు. షాడోలనే శత్రుజాతితో మూడేళ్లు పెంచిన యుద్ధం ఆ సీజన్ ఆరో ఎపిసోడ్‌కే ముగిసింది. చివరికి ఐదో సీజన్ వేరే ఛానల్‌లో దక్కింది, కానీ అప్పటికి ఇంధనం అయిపోయింది, దాని మొదటి సగం వదులుగా ఉండటానికి కారణం అదే. నాలుగో సీజన్‌తో పాటే తీసేసిన ఆఖరి ఎపిసోడ్‌ను దాచి ఐదో సీజన్ చివర వేశారు. నాలుగో సీజన్ ముగింపుకు కొత్తది వేరే తీయాల్సి వచ్చింది.

'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' (2004–09) సరిగ్గా దీనికి ఎదురు. మనుషుల్ని వేటాడే యంత్రజాతి సైలాన్లకు ఒక ప్లాన్ ఉందని ఎపిసోడ్ మొదట్లోనే తెరమీద వేసుకునేది. రాసేవాళ్ల దగ్గర మాత్రం అలాంటిది లేదు. మనుషుల మధ్య దాగిన చివరి ఐదుగురు సైలాన్లు ఎవరన్నది సిరీస్ సగం నడిచాక తేల్చుకున్నారు, ఆ అతుకులు కనిపిస్తాయి కూడా. అయినా మొదటి ఎపిసోడ్ "33" తీసుకోండి. ప్రతి 33 నిమిషాలకు దాడి జరుగుతుంది. ఐదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. అధ్యక్షురాలి దగ్గర తెల్లబోర్డు మీద మిగిలిన జనాభా 50,298, ఆ అంకె తగ్గుతూ పోతుంది. చివరికి ఒక ప్రయాణికుల నౌకను సొంతవాళ్లే కూల్చాలా వద్దా అన్న నిర్ణయం. ఎందుకు 33 నిమిషాలే అన్నది చెప్పరు. అక్కడ చేసిన అప్పు "ఎందుకు" అన్నది కాదు, "వీళ్లు ఏం చేస్తారు" అన్నది. దాన్ని ఆ గంటలోనే తీర్చారు.

ప్లాన్ కన్నా ముఖ్యం, ఎప్పుడు ముగుస్తుందో తెలియడం. 'లాస్ట్' (2004–10) దీనికి పాఠం. ముగింపు తేదీ లేనంతకాలం రచయితలు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేరు, ఎందుకంటే ప్రతి జవాబూ సిరీస్ ఆయుష్షు తగ్గిస్తుంది. అందుకే ఫ్లాష్‌బ్యాకులు సాగాయి. 2007 మే నెలలో, ఇంకా 48 ఎపిసోడ్లు, 2010లో సమాప్తం అని ప్రకటించారు. మూడో సీజన్ ముగింపులో కథ గతం వదిలి భవిష్యత్తులోకి దూకింది. ఆ తర్వాతి వేగం ముందు సగంతో పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ముగింపు నచ్చిందా లేదా అన్నది వేరే గొడవ.

జర్మన్ సిరీస్ 'డార్క్' (2017–20) 26 ఎపిసోడ్లు, మూడు సీజన్లు. 33 ఏళ్ల చక్రం, 1953, 1986, 2019. కాలప్రయాణంలో ఎవరు ఎవరికి తల్లో, ఎవరు ఎవరికి కొడుకో ముడిపడే ఇలాంటి కథకు మాత్రం ప్లాన్ తప్పదు. ఒక్క తేదీ తప్పినా వంశవృక్షం మొత్తం కూలుతుంది. అంటే ప్లాన్ అవసరం కథ రకాన్ని బట్టే.

అపోహ: సైన్స్ ఎంత కచ్చితంగా ఉంటే కథ అంత బలంగా ఉంటుంది.

వాస్తవం: కథకు కావలసింది నియమం. ఆ నియమం పాత్రకు ఖరీదు కట్టాలి. అది నిజమైన భౌతికశాస్త్రమైతే మంచిదే, కల్పితమైనా నష్టం లేదు.

'ది ఎక్స్‌పాన్స్' (2015–22)లో కృత్రిమ గురుత్వాకర్షణ యంత్రం లేదు. ఇంజిన్ మండుతున్నంతసేపే నౌకలో బరువు తెలుస్తుంది. దిగే చోటు దూరంలో ఉండగానే నౌకను వెనక్కి తిప్పి మండిస్తూ వేగం తగ్గించాలి. కబురు కాంతి వేగాన్ని మించి పోదు. ఇవన్నీ పాఠాల్లా చెప్పి ఉంటే ఛానల్ మార్చేసేవాళ్లం. మొదటి ఎపిసోడ్‌లోనే, తక్కువ గురుత్వాకర్షణలో పుట్టి పెరిగిన ఒక బెల్టర్‌ను, అంటే గ్రహశకలాల పట్టీలో బతికేవాణ్ని, భూమ్మీద విచారిస్తారు. వాణ్ని హింసించడానికి ఆయుధం అక్కర్లేదు, భూమి బరువు చాలు. సైన్స్, రాజకీయం, పాత్ర మూడూ ఒకే సీన్‌లో పడ్డాయి. సైన్స్ కచ్చితంగా ఉంది కాబట్టి ఆ సీన్ బాగుందనుకుంటే పొరపాటు. ఆ సైన్స్ ఒక మనిషి ఒంటి మీద పనిచేసింది కాబట్టి బాగుంది.

మనుషుల్ని ఒకచోట మాయం చేసి మరోచోట తేల్చే స్టార్ ట్రెక్ ట్రాన్స్‌పోర్టర్‌ది దీనికి తలకిందుల కథ. ప్రతి వారం నౌక గ్రహం మీద దిగుతున్నట్టు చూపించడానికి డబ్బు చాలక 1960ల్లో దాన్ని కనిపెట్టారు. ఖర్చు తప్పింది, కథకు తలనొప్పి పట్టుకుంది. ఆపదలో ఉన్నవాళ్లను క్షణంలో పైకి లాగేయగలిగితే ఇక ఆపద ఎక్కడిది? అందుకే కథ బిగిసే సమయానికి తుఫానో, రక్షణ కవచమో, ఏదో ఖనిజమో అడ్డుపడి అది పనిచేయడం మానేస్తుంది. నియమానికి ఖరీదు పెట్టకపోతే ప్రతి వారం సాకు వెతుక్కోవాలి. 'నెక్స్ట్ జెనరేషన్' రచయితలు సాంకేతిక మాటలు రావలసిన చోట "టెక్" అని రాసి వదిలేసేవాళ్లు, సలహాదారులు తర్వాత నింపేవాళ్లు. నింపిన పదం ఏదైనా సీన్ మారలేదంటే ఆ వాక్యం కథలో భాగం కాదన్నమాట.

కల్పిత నియమం ఎలా ఉండాలో స్టార్ వార్స్ సిరీస్ 'ఆండోర్' మొదటి సీజన్ జైలు చూపిస్తుంది. ఖైదీలకు చెప్పులుండవు, నేలకు కరెంటు పెడతారు. కాపలావాళ్లు కొద్దిమందే, ఎందుకంటే నేలే కాపలా. ఎనిమిదో ఎపిసోడ్‌లో నియమం అర్థమవుతుంది, పదో ఎపిసోడ్‌లో నీళ్లు వదిలి ఆ నేలనే చంపేస్తారు. ముందు భయపెట్టిన నియమంలోంచే తప్పించుకునే దారి వచ్చింది. కొత్త పరికరం ఏదీ ఊడిపడలేదు.

అపోహ: డబ్బు పెడితేనే మంచి సైన్స్ ఫిక్షన్.

వాస్తవం: 'నెక్స్ట్ జెనరేషన్'లో "ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్" (1989) దాదాపు అంతా గదుల్లోనే నడుస్తుంది. డేటా అనే యంత్రమానవుడు మనిషా, ఆస్తా అన్న విచారణ అది. బలమంతా ఒక్క ఏర్పాటులో ఉంది. డేటాకు వ్యతిరేకంగా వాదించాల్సింది అతని స్నేహితుడు రైకరే. సరిగ్గా వాదించకపోతే డేటా ఆస్తేనని తీర్పు ఖాయం. వాదిస్తే తానే స్నేహితుణ్ని ఓడించవచ్చు. 'డాక్టర్ హూ'లో "బ్లింక్" (2007)కు షూటింగ్ షెడ్యూలు వల్ల కథానాయకుడే ఎక్కువసేపు దొరకలేదు. చూస్తున్నంతసేపు కదలని రాతి విగ్రహాలు పెట్టారు. కెమెరా చూస్తుంటే కూడా కదలవు, కాబట్టి ప్రేక్షకుడూ కాపలాదారైపోయాడు. కదలికను చూపించే ఖర్చూ మిగిలింది!

అపోహ: మలుపును జనం ముందే కనిపెట్టేస్తే రచన ఓడిపోయినట్టే.

వాస్తవం: 'వెస్ట్‌వరల్డ్' మొదటి సీజన్ (2016)లో వేర్వేరు మనుషుల్లా కనిపించే నల్ల టోపీ మనిషీ, యువ విలియమూ ఒకరేనని చాలామంది ముగింపు రాకముందే పట్టేశారు. ఆధారాలు నిజాయితీగా పెడితే లక్షల కళ్లు పట్టుకుంటాయి, అది మంచి గుర్తే. చూడాల్సింది, తెలిశాక రెండోసారి చూస్తే సీన్ బలపడుతోందా, చప్పబడుతోందా అని. మంచివాడు ఎలా చెడ్డాడన్న కథ అక్కడ మిగులుతుంది కాబట్టి ఆ సీజన్ నిలిచింది. ప్రేక్షకుడికి దొరక్కూడదని ఆధారాలే దాచేస్తే మిగిలేది గారడీ.

అపోహ: మొదటి ఎపిసోడ్, మహా అయితే మొదటి సీజన్ చూస్తే చాలు.

వాస్తవం: 'ఫైర్‌ఫ్లై' (2002) పైలట్, అంటే కథను పరిచయం చేసే తొలి ఎపిసోడ్, రెండు గంటల "సెరెనిటీ". ఛానల్ దాన్ని పక్కనపెట్టి "ద ట్రైన్ జాబ్" ముందు వేసింది, పైలట్‌ను చివర్లో ప్రసారం చేసింది. తీసిన 14లో అప్పట్లో ప్రసారమైనవి 11. ప్రసార క్రమంలో చూసి పాత్రలు అర్థం కాలేదన్నవాళ్ల తప్పు లేదు. 'నెక్స్ట్ జెనరేషన్' రెండో సీజన్ 1988 రచయితల సమ్మె వల్ల 22 ఎపిసోడ్లకు తగ్గింది, ఆఖరిది పాత సీన్ల అతుకులబొంత. మూడో సీజన్‌లో రచనా విభాగం పెద్దగా మైకేల్ పిల్లర్ వచ్చి ప్రతి కథా ఏదో ఒక పాత్రకు చెందాలని పట్టుబట్టాక అది వేరే సిరీస్ అయింది.

అపోహ: ఎపిసోడ్లు తగ్గితే కథ బిగుస్తుంది.

వాస్తవం: తగ్గినప్పుడు ముందు ఎగిరిపోయేవి పాత్రల మామూలు రోజులు. 1990లో పికార్డ్‌ను బోర్గ్ యంత్రజాతి తనలో కలిపేసుకుని, అతని చేతే సొంతవాళ్లను చంపించింది. అతణ్ని కాపాడిన ఎపిసోడ్ తర్వాత వచ్చింది "ఫ్యామిలీ". యుద్ధం లేదు, గ్రహాంతర ప్రమాదం లేదు. ఊళ్లో అన్నతో గొడవపడి, బురదలో దొర్లి, ఏడుస్తాడు. ఏడాదికి 26 ఎపిసోడ్లుంటేనే ఇలాంటిదానికి చోటు దొరుకుతుంది. ఎనిమిదే ఉంటే మొదట కొట్టేసేది ఇదే. మరోవైపు 'ఆండోర్' ఐదు సీజన్లుగా అనుకున్నది రెండయింది. మిగిలిన నాలుగేళ్ల కథను రెండో సీజన్ 12 ఎపిసోడ్లలోకి, ఏడాదికి మూడు చొప్పున సర్దారు. మూడేసి ఎపిసోడ్లు కలిపి ఒక సినిమాలా చూడాలి. మొదటి ముక్క ఒక్కటే చూసి నెమ్మదిగా ఉందంటే, సినిమా తొలి నలభై నిమిషాలు చూసి లేచిపోయినట్టు.

నిజంగా పోల్చాలనుకుంటే

రెండు సిరీస్‌లు తీసుకోండి, మూడు వద్దు. ఒక్కోదాని నుంచి నాలుగు ఎపిసోడ్లు: మొదటిది, రెండో సీజన్ తర్వాత నడుమ వచ్చిన ఒక మామూలుది, తక్కువ సెట్లతో నడిచినది ఒకటి, ఒక సీజన్ ముగింపు. అభిమానులు ఎంచిన టాప్ టెన్ నుంచి తీయకండి, అందులో అన్నీ వజ్రాలే ఉంటాయి. మామూలు వారం ఎలా ఉందన్నదే రచనా విభాగం సత్తా చెబుతుంది.

కాగితం మీద మూడు గళ్లు గీయండి: లేచిన ప్రశ్న, దానికి జవాబు వచ్చిన చోటు, ఆ జవాబు వల్ల ఎవరు ఏం పోగొట్టుకున్నారు. సీన్ సీన్‌కీ నింపండి. రెండో గడి ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు, అది దీర్ఘకాలపు అప్పు కావచ్చు, సీజన్ ముగింపు కాగితంలో వెతకండి. మూడో గడి ఖాళీగా ఉంటే అనుమానించండి. అన్నిటికీ జవాబులున్నా ఎవరూ ఏమీ కోల్పోని ఎపిసోడ్ పజిల్ పుస్తకం లాంటిది. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, చనిపోయిన పాత్రలను మాత్రమే నష్టం కింద రాసుకోవడం. "ది ఇన్నర్ లైట్"లో నౌక మీద ఒక్కరూ చావరు. అయినా మూడో గడి నిండిపోతుంది.